మొదటి ప్రభుత్వ నిర్మాణ పని చేతికి వచ్చినప్పుడు ప్రివైలింగ్ వేజ్ లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలా

అమెరికాలో చిన్న నిర్మాణ సంస్థలు నడుపుతున్న తెలుగువారు, అలాంటి సంస్థల్లో పేరోల్ చూసేవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఇన్నాళ్లూ ఇళ్ల పనులు, దుకాణాల పనులు చేసుకుంటూ వచ్చామని, ఇప్పుడు సిటీ వారి లైబ్రరీ మరమ్మతులోనో స్కూల్ డిస్ట్రిక్ట్ వారి గదుల నిర్మాణంలోనో సబ్‌కాంట్రాక్టు దొరికిందని, అందులో "ప్రివైలింగ్ వేజ్ (ఆ ప్రాంతంలో ఆ వృత్తికి నడుస్తున్న కూలి రేటు) వర్తిస్తుంది" అని రాసి ఉందని, తమ మనుషులకు గంటకు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఏ కాగితాలు పంపాలో చెప్పమని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే వరుసగా రాసిపెట్టడం మంచిదనిపించింది.

ముందుగా ఒక్క మాట. గంటకు ఎంత ఇవ్వాలన్నది మీరు మీ మనిషితో మాట్లాడుకున్న కూలిని బట్టి గానీ, అతన్ని మీరు ఏ పేరుతో పిలుస్తారన్నదాన్ని బట్టి గానీ తేలదు. ఆ గంటలో అతను చేతులతో ఏ పని చేశాడు, ఆ ప్రాజెక్టుకు బిడ్లు ఏ తేదీన పిలిచారు లేదా తెరిచారు అన్న రెండు విషయాలను బట్టే తేలుతుంది. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెంటిలో ఒకదాన్ని పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే.

ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన చిన్నదే. ప్రజల సొమ్ముతో కట్టే చోటికి బయటి నుంచి తక్కువ కూలికి మనుషులను తెచ్చి, బిడ్డు తగ్గించి, స్థానికుల కూలిని పడగొట్టకూడదు. అందుకని ఆ ప్రాంతంలో ఆ వృత్తికి నడుస్తున్న రేటుకు తగ్గకుండా చెల్లించాలి. రాష్ట్రాల్లో మొదట కాన్సస్ 1891లో ఇలాంటి చట్టం చేసింది. ఫెడరల్ ప్రభుత్వం 1931లో డేవిస్-బేకన్ చట్టం తెచ్చింది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

దగ్గర ఉండవలసినవి

పని మొదలుపెట్టే ముందే ఇవన్నీ ఒక ఫైల్లో చేర్చి పెట్టుకోండి. తర్వాత వెతుక్కోవడం చాలా కష్టం.

- మీ సబ్‌కాంట్రాక్టుతో పాటు, ప్రధాన కాంట్రాక్టులో వేతనాలకు సంబంధించిన షరతుల ప్రతి. ప్రధాన కాంట్రాక్టరును అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే ప్రాజెక్టు ఇచ్చిన సంస్థనే అడగవచ్చు.
- బిడ్లు పిలిచిన ప్రకటన తేదీ, బిడ్లు తెరిచిన తేదీ.
- ఆ ప్రాజెక్టుకు వర్తించే వేజ్ డిటర్మినేషన్, అంటే వృత్తుల వారీగా రేట్లు ఉన్న పట్టిక.
- మనిషి పేరు, రోజు, గంటలు, ప్రతి గంటలోనూ చేసిన పని రాయడానికి వీలున్న రోజువారీ మస్టరు.
- ఆరోగ్య బీమా, పెన్షన్ వంటివి మీరు కడుతున్నట్లయితే వాటి ప్లాన్ పత్రాలు, నెలనెలా కట్టిన రసీదులు.
- మీ దగ్గర అప్రెంటిస్‌లు ఉంటే వారి నమోదు పత్రాలు.

1. ఏ చట్టం కింద పని జరుగుతోందో తేల్చుకోండి

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే ఇది తెలుస్తుంది. సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, నీటి సరఫరా సంస్థ వంటివి సొంత నిధులతో చేయించే పనికి ఆ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. అదే పనిలో ఫెడరల్ గ్రాంటు కలిసి ఉంటే, ఆ గ్రాంటు ఇచ్చిన చట్టం ద్వారా డేవిస్-బేకన్ రేట్లు కూడా వచ్చి చేరవచ్చు. డేవిస్-బేకన్ చట్టం నేరుగా వర్తించడానికి పరిమితి 2,000 డాలర్లకు మించిన కాంట్రాక్టు. కాలిఫోర్నియాలో రాష్ట్ర నియమం 1,000 డాలర్లు దాటిన ప్రతి ప్రభుత్వ పనికీ వర్తిస్తుంది. రెండు చట్టాలూ ఒకే పనిపై ఉన్నప్పుడు కాలిఫోర్నియాలో ప్రతి వృత్తికీ రెండు రేట్లను పోల్చి ఎక్కువైనదే ఇవ్వాలి. అంటే వడ్రంగికి రాష్ట్ర రేటు, పెయింటర్‌కు ఫెడరల్ రేటు వర్తించే పరిస్థితి కూడా రావచ్చు.

రాష్ట్రానికీ రాష్ట్రానికీ పద్ధతి మారుతుందని మరచిపోకండి. కొన్ని రాష్ట్రాల్లో అసలు ఇలాంటి చట్టమే లేదు. అక్కడ ఫెడరల్ సొమ్ము కలిస్తే తప్ప ఈ నియమాలు రావు. టెక్సస్‌లో పని చేయించే ప్రభుత్వ సంస్థే రేట్లు నిర్ణయిస్తుంది, డేవిస్-బేకన్ రేట్లనే స్వీకరించే వీలు కూడా దానికి ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో పని మొదట్లో ఫలానా వేతనాలు ఇస్తామని ఒక పత్రం, పని ముగిశాక ఇచ్చామని ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. నేను ఎక్కువగా ఫెడరల్ నియమాలను, కాలిఫోర్నియా నియమాలను ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. మీ రాష్ట్రం వేరైతే లెక్క వేసే క్రమం ఇదే ఉంచుకుని, రేట్లు, ఫారాలు, గడువులు మాత్రం మీ రాష్ట్ర కార్మిక శాఖ ప్రచురించినవి చూసుకోండి.

హెచ్చరిక: "ఇది చిన్న పని, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదన్నారు, కాబట్టి ప్రివైలింగ్ వేజ్ ఉండదు" అనే మాట నమ్మకండి. కాలిఫోర్నియాలో 25,000 డాలర్లకు మించని నిర్మాణ ప్రాజెక్టులకు, 15,000 డాలర్లకు మించని నిర్వహణ పనులకు కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉన్న మాట నిజమే. వేతన రేటు నుంచి మాత్రం మినహాయింపు లేదు. ఆ రేటు 1,000 డాలర్లు దాటగానే మొదలవుతుంది.

2. సరైన తేదీకి చెందిన వేజ్ డిటర్మినేషన్ తీసుకోండి

ఫెడరల్ రేట్లు సామ్.గవ్ వెబ్‌సైటులో కౌంటీ వారీగా, నాలుగు రకాల నిర్మాణాలకు విడివిడిగా ఉంటాయి: భవనాలు, నివాస గృహాలు, హైవే పనులు, హెవీ పనులు (ఆనకట్టలు, పైపులైన్లు వంటివి). ఒకే కౌంటీలో ఒకే వృత్తికి ఈ నాలుగు పట్టికల్లో నాలుగు రేట్లు ఉండవచ్చు కనుక, మీకు మీరుగా పట్టిక ఎంచుకోకుండా కాంట్రాక్టులో జతచేసిన దాని సంఖ్య, సవరణ సంఖ్య, తేదీ చూసి అదే తీసుకోండి. బిడ్లు తెరవడానికి 10 రోజుల లోపు వచ్చిన సవరణను, చేర్చడానికి తగిన వ్యవధి లేదని ఆ సంస్థ తేలిస్తే, వదిలేయవచ్చు. బిడ్లు తెరిచిన 90 రోజుల లోపు కాంట్రాక్టు ఇవ్వకపోతే, గడువు పొడిగింపు తీసుకుని ఉంటే తప్ప, ఆలోగా వచ్చిన కొత్త సవరణ వర్తిస్తుంది.

కాలిఫోర్నియాలో పారిశ్రామిక సంబంధాల శాఖ ఏటా ఫిబ్రవరి 22న, ఆగస్టు 22న రేట్లు ప్రకటిస్తుంది. అవి ప్రకటించిన 10 రోజుల తర్వాత అమలులోకి వస్తాయి. మీకు వర్తించేది బిడ్లు పిలిచిన రోజున అమలులో ఉన్న పట్టిక. ఆ పట్టికలో గడువు తేదీ పక్కన ఉండే నక్షత్రపు గుర్తును చాలామంది గమనించరు. ఒక్క నక్షత్రం ఉంటే ఆ రేటు ప్రాజెక్టు పూర్తయ్యే వరకు అదే. రెండు నక్షత్రాలు ఉంటే, గడువు దాటాక ముందే నిర్ణయించి ఉంచిన పెంపు అమలవుతుంది, దాన్ని మీరు ఇవ్వాలి. ఏడాదిన్నర సాగే పనికి ఈ రెండో నక్షత్రం చూడకుండా బిడ్డు వేసినవారు ఆ తేడాను చేతి డబ్బుతో పూడ్చుకోవలసిందే. న్యూయార్క్‌లో పరిస్థితి మరీ స్పష్టం: ఏటా జూలై 1న పట్టిక మారుతుంది, పని మధ్యలో ఉన్నా మారిన రేటే చెల్లించాలి.

పరిశీలన: మీరు ముద్రించుకున్న పట్టికలో కౌంటీ పేరు, నిర్మాణ రకం, తేదీ మూడూ కాంట్రాక్టులోని వివరాలతో సరిపోతున్నాయా? మూడింటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా అక్కడే ఆగి, ప్రధాన కాంట్రాక్టరును రాతపూర్వకంగా అడగండి.

3. ఎవరు ఏ వృత్తి కిందికి వస్తారో పని చూసి నిర్ణయించండి

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రైవేటు పనుల్లో మనం మనుషులను హెల్పర్, జూనియర్, సీనియర్ అని పిలుచుకుంటాం. ప్రభుత్వ పనిలో ఆ పిలుపులకు విలువ లేదు. మీ "హెల్పర్" కండ్యూట్ (కరెంటు తీగలు వెళ్ళే గొట్టం) వంచి తీగలు లాగుతుంటే, ఆ ప్రాంతపు ఆనవాయితీ ప్రకారం అది ఎలక్ట్రీషియన్ పని; ఆ గంటలకు ఎలక్ట్రీషియన్ రేటే ఇవ్వాలి. అతనికి అనుభవం ఆరు నెలలే కావచ్చు, లైసెన్సు లేకపోవచ్చు, గంటకు సగం డబ్బుకే అతను సంతోషంగా ఒప్పుకుని ఉండవచ్చు. ఇవేవీ లెక్కలోకి రావు. ఫెడరల్ పట్టికలో హెల్పర్ అనే వర్గం స్పష్టంగా ఉంటే తప్ప ఆ పేరుతో ఎవరికీ చెల్లించకూడదు.

"ఏ పని ఏ వృత్తిది" అన్నది కొన్నిసార్లు తేలిక, కొన్నిసార్లు కాదు. ఉదాహరణకు భూమిలో పైపులు వేసే పనిని కొన్ని ప్రాంతాల్లో లేబరర్లు చేస్తారు, కొన్ని చోట్ల అది ప్లంబర్ల పని. ఆ ప్రాంతంలో ఆ పనిని ఎవరు చేస్తూ వస్తున్నారన్నదే కొలమానం. కాలిఫోర్నియాలో ప్రతి వృత్తి రేటుతో పాటు పని పరిధి వివరాలు కూడా ప్రచురిస్తారు. అవి చదవడానికి విసుగ్గా ఉంటాయి గానీ ఒక్కసారి ఓపికగా చదివితే తర్వాత వచ్చే తలనొప్పి తప్పుతుంది.

ఒకే మనిషి ఒకే రోజు రెండు పనులు చేస్తే రెండు రేట్లు వేయవచ్చు. ఉదయం ఐదు గంటలు వడ్రంగి పని, మధ్యాహ్నం మూడు గంటలు శిథిలాలు ఎత్తిపోసే లేబరర్ పని చేశాడనుకోండి. ఏ పనికి ఎన్ని గంటలో ఆ రోజే మస్టరులో రాసి ఉంటే, ఐదు గంటలకు ఒక రేటు, మూడు గంటలకు ఇంకొకటి చెల్లించవచ్చు. రాసి లేకపోతే ఎనిమిది గంటలకూ ఎక్కువ రేటే పడుతుంది. వారం చివర గుర్తు చేసుకుని రాసిన మస్టరు చూడగానే తెలిసిపోతుంది: అందరికీ ప్రతి రోజూ సరిగ్గా ఐదు, మూడు అని ఉంటుంది, ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో.

మేస్త్రీల సంగతి వేరు. కేవలం పని చేయించే మేస్త్రీకి ఈ రేట్లు వర్తించవు. ఫెడరల్ నియమాల ప్రకారం వారంలో తన సమయంలో 20 శాతానికి మించి తానే పనిముట్టు పట్టి పని చేస్తే, అలా చేసిన గంటలకు ఆ వృత్తి రేటు ఇవ్వాలి. నెల జీతం ఇస్తున్నామన్న కారణంతో ఈ బాధ్యత పోదు. మరో సంగతి, యజమాని స్వయంగా పనిలో దిగినప్పుడు. కాలిఫోర్నియాలో పనిముట్టు పట్టిన యజమాని గంటలను కూడా పేరోల్ నివేదికలో చూపించాలి. మన చిన్న సంస్థల్లో బావమరుదులు, పెదనాన్న కొడుకులు వచ్చి శనివారాలు సాయం చేయడం మామూలు. ప్రభుత్వ పనిలో వారు కూడా కార్మికులే, వారి గంటలకూ రేటు ఉంటుంది, వారి పేర్లు కూడా నివేదికలో ఉండాలి.

మీకు కావలసిన వృత్తి ఫెడరల్ పట్టికలో లేకపోతే దగ్గరగా ఉన్న రేటు వేసుకుని ఊరుకోకండి. ప్రధాన కాంట్రాక్టరు ద్వారా ప్రాజెక్టు ఇచ్చిన సంస్థకు చెప్పి, ఆ వృత్తిని, రేటును పట్టికలో చేర్పించమని ఎస్ఎఫ్-1444 ఫారంలో అభ్యర్థన పంపించాలి. ఆమోదించిన రేటు ఆ వృత్తి పని మొదలైన మొదటి రోజు నుంచి వర్తిస్తుంది కనుక, జవాబు వచ్చేదాకా కొంత సొమ్ము పక్కన పెట్టుకోవడం మంచిది.

4. ఫ్రింజ్ మొత్తాన్ని ఎలా చెల్లిస్తారో ముందే నిర్ణయించుకోండి

పట్టికలో ప్రతి వృత్తికీ మూల రేటు, ఫ్రింజ్ (బీమా, పెన్షన్ వంటి ప్రయోజనాల కోసం ఇచ్చే భాగం) అని రెండు అంకెలు ఉంటాయి. మీరు ఇవ్వవలసింది రెండింటి మొత్తం. ఫ్రింజ్ భాగాన్ని నగదుగా కూలితో కలిపి ఇవ్వవచ్చు, ఆరోగ్య బీమా, పెన్షన్ వంటి నిజమైన ప్లాన్లకు కట్టవచ్చు, లేదా కొంత అలా, కొంత ఇలా చేయవచ్చు. చిన్న సంస్థకు మొదటి పనిలో మొత్తం నగదుగా ఇచ్చేయడమే సులువని నా అభిప్రాయం. దానిపై పేరోల్ పన్నులు పడతాయి గానీ లెక్క తప్పే అవకాశం తగ్గుతుంది.

ఫ్రింజ్ కిందికి రానివాటిని అందులో కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, నిరుద్యోగ బీమా, కార్మికుల నష్టపరిహార బీమా చట్టప్రకారం మీరు ఎలాగూ కట్టవలసినవే కనుక అవి లెక్కకు రావు. కంపెనీ ట్రక్కు, పెట్రోలు ఖర్చు, పనిముట్లు కూడా రావు.

ప్లాన్‌కు కట్టిన సొమ్మును గంటకు మార్చే పద్ధతి దగ్గర జాగ్రత్త. ఒకరికి ఆరోగ్య బీమా నెలకు 520 డాలర్లు కడుతున్నారనుకుందాం. ఏడాదికి 6,240 డాలర్లు. అతను ఏడాదిలో ప్రభుత్వ పనుల్లోనూ ప్రైవేటు పనుల్లోనూ కలిపి చేసే 2,080 గంటలతో భాగిస్తే గంటకు 3 డాలర్లు. మీరు ఫ్రింజ్‌లో తగ్గించుకోగలిగింది అంతే. ప్రభుత్వ పనిలో చేసిన 600 గంటలతోనే భాగించి గంటకు 10 డాలర్ల 40 సెంట్లు చూపించిన వారున్నారు. అలా చేస్తే ప్రైవేటు పనికి మీరు పెట్టవలసిన బీమా ఖర్చును ప్రభుత్వ పనిలోని కార్మికుడి కూలి నుంచి తీసుకున్నట్లవుతుంది, తనిఖీలో నిలవదు.

కాలిఫోర్నియాలో ఇంకో చిన్న మెలిక ఉంది. పట్టికలో శిక్షణ నిధి అని విడిగా ఉండే మొత్తాన్ని కార్మికుడికి నగదుగా ఇవ్వకూడదు. దాన్ని ఆమోదం పొందిన అప్రెంటిస్ కార్యక్రమానికో, కాలిఫోర్నియా అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్‌కో, గడిచిన నెల పనికి మరుసటి నెల 15వ తేదీలోగా పంపాలి. నగదుగా ఇచ్చేస్తే అది చెల్లించినట్లు లెక్క కాదు, మళ్ళీ కట్టవలసి వస్తుంది.

5. ఓవర్‌టైం లెక్క ఇలా వేయండి

ఒకటిన్నర రెట్లు అనేది మూల రేటుకే వర్తిస్తుంది. ఫ్రింజ్ మాత్రం ఓవర్‌టైం గంటలకు కూడా, పెంచకుండా, గంటకు ఇంత అని ఇవ్వాలి. ఒక ఊహాజనిత లెక్క చూడండి. వడ్రంగి మూల రేటు 42 డాలర్లు, ఫ్రింజ్ 18.50 డాలర్లు, వారంలో 44 గంటలు పని చేశాడు.

- 44 గంటలు × 42 = 1,848 డాలర్లు
- అదనపు సగం: 4 గంటలు × 21 = 84 డాలర్లు
- ఫ్రింజ్: 44 గంటలు × 18.50 = 814 డాలర్లు
- మొత్తం: 2,746 డాలర్లు

ఫ్రింజ్‌ను 40 గంటలకే ఆపేసి 740 డాలర్లు ఇస్తే ఆ వారం 74 డాలర్లు తక్కువ ఇచ్చినట్లు. పదిమంది ఉన్న పనిలో కొన్ని నెలలు ఇలా సాగితే ఆ మొత్తం ఎంతవుతుందో మీరే వేసుకోండి. మూల రేటు, ఫ్రింజ్ కలిసిన 60.50 డాలర్ల మొత్తానికి ఒకటిన్నర రెట్లు వేస్తే 37 డాలర్లు ఎక్కువ పోతుంది. అది నేరం కాదు గానీ మీ లాభం తగ్గుతుంది. పైన చెప్పిన బీమా ఇతనికి ఉంటే, 814లో 132 డాలర్లు ప్లాన్ ద్వారా చెల్లినట్లు చూపి, మిగిలిన 682 డాలర్లు నగదుగా ఇస్తారు.

పై లెక్క వారానికి 40 గంటలు దాటిన సందర్భానికి. కాలిఫోర్నియాలో రోజుకు 8 గంటలు దాటితే చాలు, ఓవర్‌టైం మొదలవుతుంది. అంటే వారం మొత్తం 40 లోపే ఉన్నా ఒక రోజు పది గంటలు చేస్తే రెండు గంటలకు అదనపు రేటు ఇవ్వాలి. శనివారం, ఆదివారం, సెలవు రోజుల రేట్లు ఆ వృత్తి పట్టికలోనే ఉంటాయి.

6. అప్రెంటిస్‌లను పెట్టుకునే ముందు

కొత్తగా పని నేర్చుకుంటున్న వాడు అప్రెంటిస్ కాడు. ఫెడరల్ కార్మిక శాఖలో గానీ, అది గుర్తించిన రాష్ట్ర సంస్థలో గానీ నమోదైన కార్యక్రమంలో ఉన్నవాడే అప్రెంటిస్. అతనికే తక్కువ రేటు వర్తిస్తుంది. ఆ కార్యక్రమం నిర్దేశించిన నిష్పత్తికి మించి ఏ రోజైనా అప్రెంటిస్‌లు పనిలో ఉంటే, మించినవారికి పూర్తి రేటు ఇవ్వాలి.

కాలిఫోర్నియాలో ఇది మీ ఇష్టానికి వదిలిన విషయం కాదు. అప్రెంటిస్‌షిప్ ఉన్న వృత్తుల్లో పూర్తి రేటు కార్మికులు చేసే ప్రతి ఐదు గంటలకూ ఒక అప్రెంటిస్ గంట ఉండాలి. కాంట్రాక్టు సంతకమైన 10 రోజుల లోపు, ఏది ఏమైనా మీ మనుషులు పనిలో దిగే మొదటి రోజు దాటకుండా, డాస్ 140 ఫారం (కాంట్రాక్టు దొరికిందని అప్రెంటిస్ కార్యక్రమాలకు తెలిపేది) పంపాలి. అప్రెంటిస్‌లు కావలసిన రోజుకు, వారాంతాలు, సెలవులు తీసేసి 72 గంటల ముందు డాస్ 142 ఫారంతో అడగాలి. అడిగినా ఆ కార్యక్రమాల వారు పంపలేకపోతే తప్పు మీది కాదు, కానీ అడిగినట్లు రుజువు మీ దగ్గర ఉండాలి. 30,000 డాలర్ల లోపు కాంట్రాక్టులకు మినహాయింపు ఉన్నా, మీరు ప్రధాన కాంట్రాక్టరు కింద పని చేస్తుంటే చూడవలసింది ప్రధాన కాంట్రాక్టు విలువను. "మాది ఇరవై వేల పనే కదా" అనుకుని ఫారాలు పంపనివారు ఇక్కడే దొరికిపోతారు.

7. మొదటి రోజుకు ముందు

కాలిఫోర్నియాలో బిడ్డు వేసే నాటికే మీ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉండాలి. అది జూన్ 30తో ముగిసే సంవత్సరానికి లెక్క, కాబట్టి జూన్‌లో మొదలయ్యే పనుల విషయంలో పునరుద్ధరణ తేదీని గోడ మీద రాసి పెట్టుకోండి. ఫెడరల్ పనిలో వేజ్ డిటర్మినేషన్‌ను, డబ్ల్యూహెచ్-1321 పోస్టరును కార్మికులు చదవగలిగే చోట పెట్టాలి. ట్రైలరు లోపల మీ బల్ల వెనుక కాదు.

8. వారం వారం సర్టిఫైడ్ పేరోల్ పంపండి

ఫెడరల్ పనుల్లో కూలి వారానికి ఒకసారైనా చెల్లించాలి. పదిహేను రోజులకోసారి జీతాలిచ్చే అలవాటు ఉంటే ఈ పని వరకు మార్చుకోక తప్పదు. చెల్లించిన రోజు నుంచి 7 రోజుల లోపు సర్టిఫైడ్ పేరోల్, అంటే వివరాలు నిజమని సంతకం చేసిన పేరోల్ నివేదిక పంపాలి. డబ్ల్యూహెచ్-347 ఫారం వాడితే సరిపోతుంది, అదే వివరాలున్న మీ సొంత ఫారమైనా పనికొస్తుంది. సోషల్ సెక్యూరిటీ సంఖ్య పూర్తిగా రాయకండి, చివరి నాలుగు అంకెలు చాలు. వెనుక ఉండే ప్రమాణ భాగంలో ఫ్రింజ్ నగదుగా ఇచ్చారా, ప్లాన్‌కు కట్టారా అన్నది గుర్తు పెట్టడం మరవకండి. ముందు పేజీలో నగదు చూపించి వెనుక ప్లాన్ అని గుర్తు పెట్టినవి నేను ఎన్నో సరిచేశాను. సంతకం చేసేది ఎవరైనా చదివి చేయాలి, ఎందుకంటే అబద్ధపు నివేదికపై సంతకం ఫెడరల్ నేరం.

కాలిఫోర్నియాలో నివేదికలను రాష్ట్ర శాఖ ఆన్‌లైన్ వ్యవస్థలో, కాంట్రాక్టు అంతకంటే తరచుగా అడగకపోతే నెలకొకసారి దాఖలు చేయాలి. అధికారులు రాతపూర్వకంగా పేరోల్ రికార్డులు అడిగితే 10 రోజుల లోపు ఇవ్వకపోవడానికి ఒక్కొక్క కార్మికుడికి రోజుకు 100 డాలర్ల జరిమానా ఉంది.

పని జరగని వారాల్లో కూడా "పని లేదు" అని ఒక నివేదిక పంపండి. పేరోల్ వరుస సంఖ్య 6 తర్వాత 9 కనిపిస్తే, 7, 8 ఏమయ్యాయని ఎవరో ఒకరు అడుగుతారు, అప్పటిదాకా మీ బిల్లు ఆగుతుంది.

కార్మికుడి చేతికిచ్చిన కూలిలో కొంత వెనక్కి తీసుకోవడం, "చెక్కు మార్చి ఇంత తెచ్చి ఇవ్వు" అనడం, ఏ పేరుతో చేసినా 1934 నాటి కోప్‌ల్యాండ్ చట్టం కింద నేరం. ఇది రాయవలసి రావడం నాకు ఇష్టం లేదు, కానీ "అతనే ఒప్పుకున్నాడు కదా" అని అడిగినవారున్నారు. కార్మికుడు ఒప్పుకున్నా ఆ ఒప్పందం చెల్లదు.

9. పంపే ముందు ఇలా సరిచూసుకోండి

మొదట ప్రతి మనిషికీ ఒక భాగహారం చేయండి: ఆ వారం ఓవర్‌టైం అదనపు సగం తీసేసిన నగదు కూలికి ప్లాన్‌కు కట్టింది కలిపి, మొత్తం గంటలతో భాగిస్తే వచ్చే అంకె పట్టికలోని మొత్తం రేటు కంటే తక్కువ కాకూడదు. పై ఉదాహరణలో 2,746 నుంచి 84 తీసి 44తో భాగిస్తే 60.50 వస్తుంది, సరిపోయింది. ఆ మనిషి రెండు వృత్తుల్లో పని చేస్తే ఈ భాగహారాన్ని ఏ వృత్తికి ఆ వృత్తికే విడిగా చేయాలి; సగటు తీసి సరిపెట్టకూడదు. కాలిఫోర్నియాలో శిక్షణ నిధిని కూడా రెండు వైపులా కలిపి చూడండి.

తర్వాత పేరోల్‌ను ఇతరులు రాసే కాగితాలతో పోల్చి చూడండి. ప్రధాన కాంట్రాక్టరు సూపరింటెండెంట్ రోజువారీ నివేదిక రాస్తాడు, గేటు దగ్గర సంతకాల పుస్తకం ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ ఫొటోలు తీస్తాడు. మంగళవారం మీ మనుషులు ఐదుగురని వాటిలో ఉండి, మీ పేరోల్‌లో నలుగురే ఉంటే, తనిఖీదారు మొదట పట్టుకునేది దాన్నే. నేను పేరోల్ చూసిన ఒక చిన్న డ్రైవాల్ సంస్థలో ఇదే జరిగింది. మోసమేమీ లేదు, ఒకతను ఆ రోజు సగం పూట వేరే పనికి వెళ్ళాడు, పేరు ఆ పని ఖాతాలో పడింది. అది నిరూపించడానికి మాకు మూడు వారాలు పట్టింది.

అధికారులు పని దగ్గరికి వచ్చి కార్మికులతో విడిగా మాట్లాడతారు. ఏ పని చేస్తున్నావు, ఏ పనిముట్లు వాడతావు, గంటకు ఎంత ఇస్తున్నారు అని అడుగుతారు. ఏం చెప్పాలో మీరు నేర్పకండి. దానికి బదులు, పని మొదలైన రోజునే ప్రతి ఒక్కరికీ అతని వర్గం, రేటు, ఫ్రింజ్ ఎలా ఇస్తున్నారన్నది అతనికి వచ్చిన భాషలో కాగితం మీద రాసి ఇవ్వండి.

10. తప్పు దొరికితే

తప్పును మీరే ముందుగా కనిపెడితే, తేడా సొమ్మును వెంటనే చెల్లించి, సవరించిన పేరోల్‌ను పాత సంఖ్యతోనే "సవరణ" అని గుర్తించి, ఎందుకు జరిగిందో రెండు వాక్యాల్లో రాసి పంపండి. పాతదాన్ని చించేసి కొత్తది అసలుదిగా పెట్టడం మాత్రం చేయవద్దు. చిన్న పొరపాటు అక్కడ పెద్ద నేరంగా మారుతుంది. చెల్లించిన తేడాకు చెక్కు ప్రతి, కార్మికుడి సంతకం రెండూ ఉంచుకోండి.

అధికారులు ముందు కనిపెడితే మీకు రావలసిన సొమ్ములో నుంచి తేడాను ప్రభుత్వ సంస్థ నిలిపివేయవచ్చు. ఫెడరల్ పనుల్లో తీవ్రమైన ఉల్లంఘనకు 3 సంవత్సరాల పాటు ప్రభుత్వ కాంట్రాక్టుల నుంచి వెలివేస్తారు. కాలిఫోర్నియాలో తక్కువ చెల్లించిన ప్రతి కార్మికుడికీ రోజుకు 200 డాలర్ల వరకు, ఓవర్‌టైం తప్పులకు రోజుకు 25 డాలర్లు జరిమానా ఉంది; టెక్సస్‌లో కార్మికుడికి రోజుకు 60 డాలర్లు. కాలిఫోర్నియా లేబర్ కమిషనర్ నుంచి అసెస్‌మెంట్ నోటీసు (తక్కువ ఇచ్చిన కూలి, జరిమానా కట్టమనే నోటీసు) వస్తే, సమీక్ష కోరడానికి గడువు 60 రోజులు. ఆ నోటీసు చేతికి అందిన రోజునే కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాది దగ్గరికి వెళ్ళండి, ప్రధాన కాంట్రాక్టరుకు కూడా చెప్పండి. మీ కింద జరిగిన తక్కువ చెల్లింపుకు అతను కూడా జవాబుదారీ కావలసి రావచ్చు కనుక అతనికి ఎలాగూ తెలుస్తుంది.

పేరోల్, మస్టర్లు, ప్లాన్ రసీదులు, అప్రెంటిస్ ఫారాలు పంపిన రుజువులు అన్నీ ఫెడరల్ నియమం ప్రకారం ప్రధాన కాంట్రాక్టు పని మొత్తం పూర్తయిన నాటి నుంచి 3 సంవత్సరాలు ఉంచాలి. మీ సబ్‌కాంట్రాక్టు ముగిసిన తేదీ నుంచి కాదు. పునాది పని చేసి వెళ్ళిపోయినవారికి భవనం తాళాలు ఇచ్చేసరికి రెండేళ్ళు పడితే, ఆ ఫైలు మీ దగ్గర ఐదేళ్ళు ఉండాలన్నమాట.